పాఠకుల ప్రశ్నలు: రోగి పక్కకు చేరుతున్న ఫెమ్టోసెకను లేజరు

గత సంచికలో కొత్త మైక్రోస్కోపుల గురించి వచ్చిన చిన్న వార్త చూసి రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్ జిల్లాల నుంచి చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. కోయకుండా, రంగు వేయకుండా శరీర కణజాలాన్ని చూపించే లేజరు మైక్రోస్కోపులు వచ్చాయన్నది ఆ వార్త. అందిన ప్రశ్నలను కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మగారికి అంగిలి మీద తెల్లటి మచ్చ వచ్చింది. ఆవిడకు చిన్ననాటి నుంచి అడ్డపొగ తాగే (చుట్ట నిప్పు చివరను నోట్లో పెట్టుకుని పీల్చే) అలవాటు ఉంది. డాక్టరు గారు చిన్న ముక్క తీసి పరీక్షకు విశాఖపట్నం పంపిస్తే ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ లేజరు మైక్రోస్కోపు ఉండి ఉంటే ముక్క తీయవలసిన పని తప్పేదా?
ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అటువంటి మైక్రోస్కోపు ఉన్న మాట నిజమే కానీ, మీ అమ్మగారికి ముక్క తీయడం తప్పేదని నేను చెప్పలేను. కారణం చెప్పే ముందు ఆ పది రోజులు ఎక్కడ గడిచాయో చూద్దాం. తీసిన ముక్కను మొదట ఫార్మలిన్‌లో వేస్తారు. అది లోపలిదాకా ఇంకి కణాలు చెడకుండా స్థిరపడటానికి తరచుగా ఒక రాత్రంతా పడుతుంది. తరువాత అంతకంతకూ గాఢత పెరిగే ఆల్కహాలులో వరుసగా ఉంచి నీటిని తీసేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో నానబెట్టి, అచ్చులో దిమ్మగా పోస్తారు. ఆ దిమ్మను మైక్రోటోము అనే కోత యంత్రానికి బిగించి, మిల్లీమీటరులో మూడు నాలుగు వెయ్యోవంతుల మందాన కోస్తూ పోతే పొరలు ఒకదాని అంచుకు ఒకటి అంటుకుని రిబ్బనులాగా బయటికి వస్తాయి. వాటిని గోరువెచ్చని నీటి మీద తేల్చి, ముడతలు విప్పి, గాజు పలక మీదికి ఎత్తి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేసిన తరువాతే పాథాలజిస్టు చూడగలిగే పలక తయారవుతుంది. అంతా సాఫీగా జరిగితే ఇది రెండు మూడు రోజుల పని. మిగిలిన రోజులు ప్రయాణానికీ, పెద్ద ఆసుపత్రిలో వరుస కోసం నిరీక్షించడానికీ పోయాయి.

లేజరు మైక్రోస్కోపులో ఈ తతంగమంతా ఉండదు, ఎందుకంటే అది బయటి నుంచి వేసిన రంగును కాక, కణజాలంలో ముందే ఉన్న పదార్థాలను వెలిగిస్తుంది. కణాల జీవక్రియలో పాలుపంచుకునే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు, కంటికి దాదాపు ఆనని 740 నానోమీటర్ల కాంతి నుంచి రెండు ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, ఒకేసారి పీల్చుకుని, 460 నానోమీటర్ల చుట్టుపక్కల నీలి కాంతిని విడుదల చేస్తుంది. చర్మానికీ, లోపలి పొరలకూ పటుత్వాన్నిచ్చే కొల్లాజెన్ పోగుల తీరు వేరు. అవి కాంతిని పీల్చుకోవు, రెండు ఫోటాన్లను కలిపి సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం గల ఒక ఫోటానుగా మార్చి పంపుతాయి. 780 నానోమీటర్ల కాంతి లోపలికి వెళ్తే 390 నానోమీటర్ల కాంతి బయటికి వస్తుంది. దీనినే సెకండ్ హార్మోనిక్ అంటారు. ఈ రెండు సంకేతాలను విడివిడిగా పట్టుకుంటే కణాలు ఒక రంగులోను, పోగులు మరొక రంగులోను తెర మీద కనిపిస్తాయి.

నోటి లోపలి పొర మీద అటువంటి మైక్రోస్కోపును పెట్టి, చూపును కొద్దికొద్దిగా లోతుకు దించుతూ పోతే మొదట వెడల్పాటి, పలుచని కణాలు కనిపిస్తాయి. వెలిగే అణువు కేంద్రకం బయటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒక్కొక్క కణం నడుమ కేంద్రకం నల్లని గుండ్రని ఖాళీగా తెలుస్తుంది. ఇంకా దిగితే కణాలు చిన్నవై, దగ్గరదగ్గరగా చేరతాయి. ఆ తరువాత ఉన్నట్టుండి కణాలు ఆగిపోయి, కొల్లాజెన్ పోగులు మెరుస్తూ మొదలవుతాయి. ఆ సరిహద్దే అసలు చూడవలసిన చోటు. కేంద్రకాలు ఒకే పరిమాణంలో లేకపోవడం, పై కణాలు ఆ గీత దాటి పోగుల మధ్యకు చొరబడటం పాథాలజిస్టును అప్రమత్తం చేసే గుర్తులు.

అయితే ఈ చూపు మిల్లీమీటరులో కొన్ని పదోవంతులకు మించి దిగదు. తెల్లమచ్చ మీద కెరటిన్ అనే గట్టి ప్రోటీను మందంగా పేరుకుని ఉంటే అది కాంతిని చెదరగొడుతుంది, పైగా తానూ వెలుగుతుంది. వ్యాధి ఎంత లోతుకు పాకిందన్నది చికిత్సకు అత్యవసరమైన సమాచారం, అది ముక్క తీస్తేనే తెలుస్తుంది. మచ్చలో ఏ చోట ముక్క తీస్తే సరిగా ఉంటుందో చూపడానికి, శస్త్రచికిత్సలో అంచులు శుభ్రంగా వచ్చాయో లేదో అక్కడికక్కడే తేల్చడానికి ఈ మైక్రోస్కోపు ఎంతో సహాయం చేయగలదు. ముక్క పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పినప్పుడు, కొత్త యంత్రం వస్తుందేమోనని ఎవరూ ఒక్క వారమైనా వాయిదా వేయవద్దని ఈ జిల్లాల పాఠకులందరినీ వేడుకుంటున్నాను. అడ్డపొగ తాగేవారిలో అంగిలి క్యాన్సరు ముప్పు ఎక్కువ. మీ అమ్మగారు ఆ అలవాటును ఈపాటికి మానేశారనే ఆశిస్తున్నాను.

ప్రశ్న: ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకోవడం చాలా అరుదని మా లెక్చరరు గారు చెప్పారు. అది జరగడానికి అంత తీవ్రమైన కాంతి పెడితే కణజాలం కాలిపోదా?
బీఎస్సీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ లెక్చరరు గారు చెప్పింది అక్షరాలా నిజం. మండుటెండలో పెట్టిన ఒక మంచి రంగు అణువు మామూలుగా ఒక ఫోటానును సుమారు సెకనుకొకసారి పీల్చుకుంటుందనీ, రెండింటిని ఒకేసారి పీల్చుకోవడం మాత్రం కోటి సంవత్సరాలకు ఒకసారి జరుగుతుందనీ ఒక ప్రసిద్ధమైన అంచనా ఉంది. ఇలా జరగడానికి వీలుందని 1930లో జర్మనీలోని గోటింగెన్‌లో తన పరిశోధన గ్రంథంలో లెక్కగట్టి చూపినవారు మరియా గోపెర్ట్ మేయర్. ఆమెకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది కానీ, అది పరమాణు కేంద్రక నిర్మాణం మీద చేసిన వేరే పనికి వచ్చింది. రెండు ఫోటాన్ల శోషణ సామర్థ్యాన్ని నేటికీ ఆమె పేరులోని తొలి అక్షరాలతో, జీఎం అనే ప్రమాణంతోనే కొలుస్తారు. 1960లో లేజరు వచ్చిన తరువాత, 1961లో బెల్ ప్రయోగశాలలో కైజర్, గారెట్ అనే శాస్త్రవేత్తలు ఆ శోషణను కంటికి చూపించగలిగారు. ముప్పై ఏళ్ళు కాగితం మీదే ఉన్న లెక్క తగిన కాంతి దొరికిన వెంటనే నిజమైంది.

ఇక కాలిపోవడం సంగతి. ఈ శోషణ కాంతి తీవ్రతకు కాక, దాని వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. తీవ్రత రెట్టింపయితే సంకేతం నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి ఉన్న కాస్త శక్తిని కాలంలో కుదించి ఇవ్వడంలోనే కిటుకు ఉంది. నాగావళిలో ఏడాది పొడుగునా పారే నీరు గట్టును ఏమీ చేయదు, అందులో కొద్ది భాగమే ఒక్క గంటలో కొండల మీద నుంచి దిగితే గట్టు నిలవదు. లేజరులో ఈ లెక్క ఇలా ఉంటుంది. నమూనా మీద పడే సగటు శక్తి 10 మిల్లీవాట్లు అనుకోండి. అది సెకనుకు 8 కోట్ల పల్సులుగా, అంటే విడివిడి కాంతి తునకలుగా, వస్తుంటే ఒక్కొక్క పల్సులో ఉండేది 0.125 నానోజౌలు. సెకనును ఒకటి పక్కన పదిహేను సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఫెమ్టోసెకను. పల్సు నిడివి 100 ఫెమ్టోసెకన్లయితే ఆ క్షణంలో శక్తి 1,250 వాట్లకు చేరుతుంది. తరువాతి పల్సు రావడానికి 12.5 నానోసెకన్లు పడుతుంది, అంటే పల్సు నిడివికి లక్షా ఇరవై ఐదు వేల రెట్లు ఖాళీ. అదే సగటు శక్తి గల నిరంతర లేజరుతో పోలిస్తే రెండు ఫోటాన్ల సంకేతం సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. వేడి మాత్రం ముఖ్యంగా సగటు శక్తిని బట్టి ఉంటుంది కాబట్టి 10 మిల్లీవాట్ల దగ్గరే ఆగుతుంది. ఒక ఫెమ్టోసెకనులో కాంతి 0.3 మైక్రోమీటర్ల దూరమే పోగలదు, కాబట్టి 100 ఫెమ్టోసెకన్ల పల్సు గాలిలో వెళ్ళేటప్పుడు దాని పొడుగు 30 మైక్రోమీటర్లు, అంటే తలవెంట్రుక మందం కంటే తక్కువ.

మరొక మేలు కూడా ఉంది. కటకం కాంతిని కేంద్రీకరించిన ఆ ఒక్క బిందువులోనే తీవ్రత చాలినంత ఉంటుంది, పైనా కిందా ఉండదు. సంకేతం అక్కడి నుంచి మాత్రమే వస్తుంది కాబట్టి, బయటికి వచ్చే కాంతి దారిలో ఎంత చెదిరినా ఏ బిందువు నుంచి వచ్చిందన్న అనుమానానికి తావు లేదు. బిందువును జరుపుకుంటూ పోతే చిత్రం తయారవుతుంది. శక్తిని ఒక హద్దు దాటి పెంచితే మాత్రం నష్టం కూడా అంతే వేగంగా, తీవ్రతతో పాటు వర్గాలుగానో అంతకంటే వేగంగానో పెరుగుతుంది. అందువల్ల మీ భయం నిరాధారమని అనలేను. ఆ హద్దును గుర్తించి దాని కిందే పనిచేయడం మైక్రోస్కోపు నడిపేవారి బాధ్యత.

ప్రశ్న: రెండు ఫోటాన్ల మైక్రోస్కోపు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది కదా, అది ఆసుపత్రుల్లో ఎందుకు కనబడదు? ఇప్పుడు చిన్న లేజర్లు వచ్చాయంటున్నారు. ఆ పెట్టెలో ఏముంటుంది? పెద్దదాని పని చిన్నది చేయగలదా?
లాబ్ టెక్నీషియను, బరంపురం

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలో కీలకమైనది ఇదేనని నా అభిప్రాయం. 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనే ముగ్గురు ఈ మైక్రోస్కోపును చేసి చూపించారు. కటకాలు, అద్దాలు, సంకేతం పట్టుకునే గొట్టాలు అప్పటికే ఉన్నాయి, నేటికీ పెద్దగా మారలేదు. మైక్రోస్కోపును రోగి దగ్గరికి రానీయకుండా ఆపినది లేజరు.

తొలి ప్రయోగాల్లో ద్రవరూపంలోని రంగును వాడే లేజరు ఉండేది. దానిని నడపడమే ఒక ఉద్యోగం. తరువాత టైటానియం కలిపిన నీలమణి స్ఫటికంతో చేసిన లేజరు వచ్చింది. 1982లో మసాచుసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలలో పీటర్ మౌల్టన్ ఈ స్ఫటికాన్ని లేజరుగా మలిచారు, 1991లో స్కాట్లాండులోని సెంట్ ఆండ్రూస్‌లో విల్సన్ సిబెట్ బృందం దాని నుంచి ఫెమ్టోసెకను పల్సులు తెప్పించింది. తరంగదైర్ఘ్యాన్ని సుమారు 700 నుంచి 1,000 నానోమీటర్ల దాకా మనకు కావలసినట్టు తిప్పుకోవచ్చు కాబట్టి పరిశోధకులకు ఇది ప్రాణప్రదమైంది. కానీ ఈ స్ఫటికంలో శక్తి నిలిచి ఉండేది మూడు మైక్రోసెకన్లకు కొంచెం ఎక్కువ. అది దిగిపోయేలోగా నింపాలంటే అనేక వాట్ల ఆకుపచ్చ లేజరును దాని మీద గురిపెట్టాలి. 532 నానోమీటర్ల కాంతి ఇచ్చి 800 నానోమీటర్ల కాంతి తీసుకుంటున్నామంటే, ప్రతి ఫోటానులోనూ మూడో వంతు శక్తి వేడిగా మారుతున్నట్టు. ఆ వేడిని తీయడానికి నీటిని చల్లబరిచే యంత్రం కావాలి. అద్దాలు గాలిలో ఎడంగా నిలబడి ఉంటాయి కాబట్టి అదురులేని బల్ల, ఉష్ణోగ్రత మారని గది కావాలి. గాలిలోని తేమ కూడా 930 నానోమీటర్ల పరిసరాల్లో కొన్ని తరంగదైర్ఘ్యాలను మింగేస్తుంది, అందువల్ల లోపలి గాలిని పొడిగా ఉంచాలి. 2000 తరువాత ఇవి చేతితో సరిదిద్దనక్కరలేని మూత పెట్టెలుగా వచ్చినా, ధర కోటి రూపాయల స్థాయిలోనే ఉండిపోయింది. సముద్రపు గాలి తగిలే బరంపురంలో ఇటువంటి యంత్రాన్ని ఏడాది పొడుగునా నడపడం ఎంత కష్టమో, ప్రయోగశాలలో పరికరాలు చూసుకునే మీకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఫైబరు లేజరులో ఈ ఇబ్బందుల్లో చాలా వరకు పుట్టనే పుట్టవు. పెట్టె తెరిస్తే కనిపించేది చుట్టలుగా చుట్టిన గాజు తీగ. దాని గర్భంలో యిటర్బియం గాని ఎర్బియం గాని అనే మూలకాన్ని కలిపి ఉంటారు. పక్కన సుమారు 976 నానోమీటర్ల కాంతినిచ్చే, వేలెడంత డయోడు ఉంటుంది. యిటర్బియంలో శక్తి దాదాపు ఒక మిల్లీసెకను నిలుస్తుంది, పైగా 976 ఇచ్చి 1,030 తీసుకుంటాము కాబట్టి ఒక ఫోటానుకు వేడిగా పోయేది ఐదు శాతం చుట్టుపక్కలే. తీగ పొడుగుగా, సన్నగా ఉండటంతో ఆ కాస్త వేడీ గాలికే ఆరిపోతుంది, నీటి యంత్రంతో పనిలేదు. కాంతి గాజులోనే నడుస్తుంది కాబట్టి దుమ్ము పడే అద్దాలూ, పక్కకు జరిగే అద్దాలూ చాలా తగ్గుతాయి. పల్సులు పుట్టడానికి ఒక చిత్రమైన అద్దాన్ని వాడుతారు. బలహీనమైన కాంతిని అది మింగుతుంది, తీవ్రమైన కాంతిని తిప్పి పంపుతుంది. అందువల్ల లేజరులో తిరిగే కాంతి అంతా చివరికి ఒక చిన్న తీవ్రమైన ముద్దగా కూడుకుంటేనే బతుకుతుంది. ఇటువంటి అర్ధవాహక అద్దాలను 1990ల తొలినాళ్ళలో అభివృద్ధి చేసినవారు ఉర్సులా కెల్లర్. డయోడ్లూ, తీగలూ, వాటిని కలిపే భాగాలూ మొదట టెలికాం రంగం కోసం పెద్ద ఎత్తున తయారైనవి. సముద్రగర్భ కేబుళ్ళలో సంకేతాన్ని పెంచడానికి 1987 నుంచి ఎర్బియం తీగలు అభివృద్ధి కాకపోయి ఉంటే, ఈ లేజరు ఇంత చవకగా, ఇంత నమ్మకంగా వచ్చేది కాదు.

ఇబ్బందులు లేవని కాదు. పల్సును బలపరచాలంటే ఆరేడు మైక్రోమీటర్ల గాజు గర్భం గుండా పంపాలి. అంత ఇరుకులో అంత తీవ్రత ఉంటే గాజే పల్సును వికృతం చేస్తుంది. అందుకని పల్సును ముందు సాగదీసి, బలపరిచి, చివర రెండు గ్రేటింగుల (కాంతిని రంగులుగా విడదీసే సన్నని గీతల పలకల) మధ్య మళ్ళీ కుదిస్తారు. 1985లో రోచెస్టరులో డోనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూ కనిపెట్టిన ఈ పద్ధతికి 2018లో నోబెల్ బహుమతి లభించింది. గాజు సాగదీసే గుణం ఎంతటిదో ఒక లెక్కతో చెబుతాను. 800 నానోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకన్ల పల్సు మామూలు ఫైబరులో ఒక్క మీటరు నడిచేసరికి సుమారు 1,000 ఫెమ్టోసెకన్లకు సాగిపోతుంది, సంకేతం పదో వంతుకు పడిపోతుంది. లేజరు నుంచి చేతిలో పట్టుకునే భాగానికి కాంతిని తేవడానికి లోపల గాలి ఉండే ప్రత్యేకమైన ఫైబరు అవసరమైనది ఇందుకే. 2017లో చైనా శాస్త్రవేత్తలు అటువంటి ఫైబరుతో 2.15 గ్రాముల మైక్రోస్కోపును చేసి, స్వేచ్ఛగా తిరిగే ఎలుక తల మీద నిలిపి, మెదడు కణాలు పనిచేయడాన్ని చూశారు.

పెద్దదాని పని చిన్నది చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు, ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫైబరు లేజరు సాధారణంగా ఒకే తరంగదైర్ఘ్యం ఇస్తుంది. ఎర్బియం ఇచ్చే 1,560 నానోమీటర్లను స్ఫటికంతో సగం చేస్తే 780 వస్తుంది, అది చర్మంలోని సహజ కాంతికీ కొల్లాజెన్‌కూ సరిపోతుంది. యిటర్బియం ఇచ్చే 1,030 నుంచి 1,060 వరకు కణాలను గుర్తించడానికి వాడే, ఎర్రగా వెలిగే ప్రోటీన్లకు పనికొస్తుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే, ఆకుపచ్చగా వెలిగే ప్రోటీనుకు కావలసిన 920 ఈ రెండింటి నడుమ పడి, దానిని రాబట్టడానికి అదనపు ఏర్పాట్లు కావలసి వచ్చింది. పది రకాల ప్రయోగాలు చేసే పరిశోధనశాలకు నీలమణి లేజరే మేలు. ఒకే రకం చిత్రాన్ని రోజుకు యాభైసార్లు తీయవలసిన ఆసుపత్రికి మాత్రం మీట నొక్కితే వెలిగి, సాయంత్రం దాకా మారకుండా ఉండే ఫైబరు లేజరు మేలు. తిప్పుకునే సౌలభ్యం ఆసుపత్రికి అక్కరలేదు, దానికి కావలసింది నిలకడ.

ప్రశ్న: ఇవి ఎక్కడైనా రోగులకు నిజంగా ఉపయోగపడుతున్నాయా, లేక ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాయా? మన జిల్లా ఆసుపత్రులకు వచ్చే ఆశ ఉందా?
విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: ఉపయోగపడుతున్నాయి మాస్టారూ. చర్మాన్ని కోయకుండా చూసే యంత్రాలు జర్మనీలో ఇరవై ఏళ్ళకు పైగా వైద్యుల చేతిలో ఉన్నాయి. అయితే ఫైబరు లేజరు లేకపోతే జరగనే జరగదని చెప్పదగిన ఉదాహరణ మెదడు శస్త్రచికిత్సది. మెదడులో గడ్డ తీస్తుండగా అది ఏ రకమో, అంచుల్లో ఇంకా మిగిలి ఉందో లేదో తెలియాలి. ఇందుకు ముక్కను గడ్డకట్టించి కోసి రంగు వేసే పాత పద్ధతికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అంతసేపూ రోగి తల తెరిచే ఉంటుంది. మిచిగన్ విశ్వవిద్యాలయంలో డానియల్ ఓరింగర్ బృందం, రెండు రంగుల ఫైబరు లేజరుతో కొవ్వు, ప్రోటీను బంధాల కంపనాన్ని చదివే మైక్రోస్కోపును ఆపరేషను థియేటరులోనే పెట్టి, తాజా ముక్కను రంగు లేకుండా చూసి, ఆ ఫలితాలను 2017లో ప్రకటించింది. తెర మీద చిత్రానికి పాథాలజిస్టులకు అలవాటైన గులాబీ, ఊదా రంగులనే కంప్యూటరు అద్దుతుంది. 2020లో అదే కృషికి కొనసాగింపుగా 278 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, కంప్యూటరు చిత్రాన్ని చదివి 150 సెకన్లలోపు చెప్పిన నిర్ణయం 94.6 శాతం సరిపోగా, మామూలు పద్ధతిలో పాథాలజిస్టులు చెప్పినది 93.9 శాతం సరిపోయింది.

మన సంగతికి వస్తే, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వేగం కాదు. చిత్రం పుట్టుకతోనే కంప్యూటరులో ఉంటుంది. మైనపు దిమ్మను ఎవరూ సంచిలో పెట్టుకుని రైలెక్కనక్కరలేదు. రాయగడలోనో పర్లాకిమిడిలోనో తీసిన చిత్రాన్ని భువనేశ్వరులో గాని విశాఖలో గాని కూర్చున్న పాథాలజిస్టు అదే పూట చూడగలరు. పాథాలజిస్టులు ఉండని ఊళ్ళకు దీనివల్ల కలిగే మేలు పెద్ద నగరాలకు కలిగే మేలు కంటే ఎక్కువ. అయినా తొందరపడి ఆశపెట్టడం నాకు ఇష్టం లేదు. ముందుగా ఇవి రావలసింది బరంపురం, కోరాపుట్‌లలోని వైద్య కళాశాలల వంటి బోధనాసుపత్రులకు. అక్కడ ఒకే ముక్కను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ చూసి, మన ప్రాంతపు జబ్బులకు, ముఖ్యంగా నోటి క్యాన్సరుకు, రెండూ ఎంతవరకు ఏకీభవిస్తున్నాయో తేల్చాలి. మెదడు గడ్డల మీద నేర్చుకున్న కంప్యూటరు అంగిలిని చదవలేదు. యంత్రం కొన్న తరువాత మరమ్మతు చేసే ఇంజనీరు ఎంత దూరంలో ఉన్నాడన్న ప్రశ్న కూడా కొనే ముందే అడగాలి. మీలాంటి పెద్దలు ప్రజాప్రతినిధులను అడగదలిస్తే, ముందుగా జిల్లా ఆసుపత్రిలో మామూలు ముక్క పరీక్షకు కావలసిన మైక్రోటోము, దానిని నడిపే మనిషి ఉన్నారా అని అడగండి. అది ఈరోజు చేయగలిగిన పని, లేజరుతో ముడిపడినది కాదు.

ప్రశ్న: మా మేనకోడలికి ఫెమ్టో లేజరుతో కళ్ళద్దాలు పోయే ఆపరేషను చేశారు. మీరు రాస్తున్న లేజరు అదేనా?
గృహిణి, జయపురం

జవాబు: కుటుంబం ఒకటే, పని వేరమ్మా. కంటి ఆపరేషనులో వాడే చాలా యంత్రాల్లో ఒక్కొక్క పల్సులోని శక్తి మైక్రోస్కోపు పల్సు కంటే కొన్ని వేల రెట్లు ఉంటుంది. అది శుక్లపటలం లోపల సూక్ష్మమైన బుడగలు పుట్టించి పొరను విడదీస్తుంది. మైక్రోస్కోపులో అటువంటిదేదీ జరగకూడదు. 1990లలో మిచిగన్‌లో మూరూ గారి ప్రయోగశాలలో అద్దాలు సరిచేస్తున్న ఒక విద్యార్థి కంట్లో పొరపాటున ఫెమ్టోసెకను లేజరు పడింది. అతనిని పరీక్షించిన కంటి వైద్యుడు, గాయం చుట్టుపక్కల ఏమీ చెడకుండా అంత కచ్చితంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయారు. మీ మేనకోడలికి చేసిన శస్త్రచికిత్స పుట్టింది అక్కడి నుంచే. ఈ కాంతి కంటికి కనబడదు, కాబట్టి రెప్ప వాలదు. తగిన రక్షణ కళ్ళద్దాలు లేకుండా ఈ లేజర్ల దగ్గర ఎవరూ నిలబడకూడదు.

ప్రశ్న: సికిల్ సెల్ జబ్బును ఈ మైక్రోస్కోపుతో కనిపెట్టవచ్చా?
ఆరోగ్య కార్యకర్త, కోరాపుట్ జిల్లా

జవాబు: అవసరం లేదు. మీ దగ్గర చేసే సాల్యుబిలిటీ పరీక్ష, దానిలో అనుమానం వచ్చినవారికి హెచ్‌పీఎల్‌సీ గాని ఎలక్ట్రోఫోరెసిస్ గాని (రక్తంలోని హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే పరీక్షలు) చేయడం దీనికి సరైన దారి. అవి చవక, నిర్ధారణ కూడా స్పష్టం. 2023లో మొదలై 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని పెట్టుకున్న జాతీయ కార్యక్రమం ఆధారపడినది ఇటువంటి పరీక్షల మీదే. ఒక్క పిల్లవాడూ పరీక్ష తప్పిపోకుండా మీరు తిరిగే తిరుగుడుకు ఏ లేజరూ సాటి రాదు.

ప్రశ్న: ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి? మా ఊళ్ళో ఇప్పటి నుంచే నేర్చుకోదగినది ఏమైనా ఉందా?
డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: భౌతికశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీలో చేరవచ్చు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాదు కేంద్రంలోను అల్ట్రాఫాస్ట్ లేజర్ల మీద పని జరుగుతోంది. మీకు దగ్గరగా బరంపురంలో 2016లో మొదలైన ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధన సంస్థ) ఉంది. తరంగాలు, ఫూరియర్ విశ్లేషణ బాగా పట్టుబడాలి, ఎందుకంటే పల్సు ఎంత చిన్నదైతే అందులో అంత ఎక్కువ రంగులు ఉండాలన్న నియమం చుట్టూనే ఈ శాస్త్రమంతా తిరుగుతుంది.

మీ ఊళ్ళో నేర్చుకోదగినది తప్పకుండా ఉంది. రోడ్డు పక్కన ఇంటర్నెట్ ఫైబరు తెగినప్పుడు స్ప్లైసింగ్ యంత్రంతో అతికే కుర్రవాళ్ళను చూసి ఉంటారు. ఫైబరు లేజరును తయారుచేసే పరిశోధకుడి బల్ల మీద ఉండేదీ అటువంటి యంత్రమే. అనుమతి అడిగి పక్కన నిలబడి చూడండి. పై పూత ఒలిచి, స్పిరిటుతో తుడిచి, చివరను అడ్డంగా తెంచి, రెండు చివరలనూ ఎదురెదురుగా పెడితే యంత్రం వాటిని తెర మీద పెద్దవి చేసి చూపుతుంది, విద్యుత్ మెరుపుతో కరిగించి అతుకుతుంది, అతుకు దగ్గర ఎంత కాంతి పోతుందో అంచనా కట్టి అంకెలో చెబుతుంది. ఒకే రకం ఫైబర్లను అతికితే ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఎర్బియం కలిపిన ఫైబరును మామూలు ఫైబరుతో అతికేటప్పుడు మాత్రం నష్టం తగ్గించడానికి చాలా జాగ్రత్త పడవలసి వస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ కాంతి పరుచుకునే వెడల్పు ఒకటి కాదు. ఆ వెడల్పును ఏవి నిర్ణయిస్తాయో మీ ఆప్టిక్స్ పుస్తకంలో ఫైబర్ల అధ్యాయం తీసి, గర్భం వ్యాసం, వక్రీభవన గుణకాల తేడాలతో లెక్క కట్టి చూడండి. సందేహం వస్తే ఆ లెక్కతో సహా మాకు రాయండి.